ముగ్గు లేని వాకిట పాడిన పాట

రండి, ఇలా దగ్గరికి జరగండి. ఆ గోడకు ఆనుకుంటే వెన్నుకు చల్లగా ఉంటుంది. కాళ్ళు చాపుకున్నా నేనేమీ అనుకోను. చెప్పబోయేది పెద్ద కథేమీ కాదు. మా వీధిలో ఒక వాకిలి ముందు మా పాట ఆగిపోయింది. అది మళ్ళీ ఎలా మొదలైందో చెబుతాను, అంతే.

అప్పుడు పుదుచ్చేరి ఫ్రాన్సు దొరలది. కాలువకు అవతల, సముద్రం వైపు వాళ్ళ తెల్ల మేడలు. ఇవతల మనవాళ్ళ ఇళ్ళు. మేమున్న నెల్లితోపు ఇంకా పడమరకు. మా వీధిలో మిల్లు పనివాళ్ళే ఎక్కువ. ఇంట్లో తెలుగు, అంగట్లో అరవం, దొరల కచేరీకి పోతే ఏదీ పనికిరాక చేతులు కట్టుకొని నిలబడటం. అలా గడిచేది.

నేను ఆ వీధికి కొత్త కోడలిగా వచ్చాను. మాది సర్వేశ్వరుణ్ణి కొలిచే కిరస్తానీ ఇల్లు. మా మతం వాళ్ళ ఇళ్ళు ఆ వీధిలో నాలుగైదుకు మించి లేవు. మిగతా వాకిళ్ళలో తులసి చెట్లు ఉండేవి. అందరూ తెలుగువాళ్ళే, ఎప్పుడో పెద్దల కాలంలో దిగి వచ్చినవాళ్ళే. పండగకు వాళ్ళ పొంగలి మాకు, మా పలహారం వాళ్ళకు వచ్చేది.

మా అత్త సంగతి చెప్పాలి. పొడుగాటి మనిషి, ఎముకల గూడు. ఆ గూట్లో అంత గొంతు ఎలా పట్టిందో నాకు ఈనాటికీ తెలియదు. గుడిలో హార్మోనియం పెట్టె దగ్గర ఆమెను పాడనిచ్చేవాళ్ళు కాదు. పెట్టె ఒక దారి, ఆమె ఒక దారి. అడిగితే, "పెట్టె నా వెనక రావాల గానీ, నేను పెట్టె వెనక పోయేదేంది" అనేది. ఆమె పాట గుడిలో కాదు, వీధిలో.

క్రిస్మస్ ముందు వచ్చే రెండు ఆదివారాల్లో మా ఇళ్ళవాళ్ళం తెల్లవారుజామున బయలుదేరేవాళ్ళం. ముందు అత్త. పక్కన డోలుతో మా చిన్నమామ, అంటే మా మామగారి తమ్ముడు. వెనక తాళాలతో నేనూ, ఇంకో నలుగురైదుగురు ఆడవాళ్ళూ. వీధి ఈ కొస నుంచి ఆ కొస దాకా, మా వాళ్ళ ఇల్లా కాదా అని చూడకుండా ప్రతి వాకిలి ముందూ ఆగేవాళ్ళం. లోపలికి పోకూడదు. ముగ్గు తొక్కకూడదు. ముగ్గు అంచున నిలబడి ఆ ఇంటి పని పేరు పెట్టి ఒక చరణం పాడాలి, ఆ ఇంటిని దీవించాలి, పక్క వాకిలికి నడవాలి.

మగ్గం ఉన్న ఇంటి ముందు, "మగ్గమాడె మగ్గమాడె, దేవునికి స్తోత్రం" అని ఎత్తుకునేది అత్త. వెనక మేమందరం "స్తోత్రం" అనేవాళ్ళం. తరవాత అత్త చెయ్యెత్తి, "ఈ ఇంట్లో నూలు తెగకూడదు, నవ్వు తెగకూడదు" అని దీవించేది. మంత్రసాని ఇంటి ముందు, "ఈ చేతుల్లోకి వచ్చే బిడ్డలందరూ తల ముందు పెట్టి రావాల" అనేది. పక్కనే పూసుపూసు బండి తోసే అన్న ఉండేవాడు. దొరలూ దొరసానులూ ఎక్కి కూర్చుంటే వెనక నుంచి మనిషి తోసే బండి అది. "నీ బండిలోకి బక్క దొరసానులే ఎక్కాల నాయనా" అనేది అత్త. అతను లోపల్నుంచి, "ఆమెన్ వదినా, గట్టిగా చెప్పు, మీ దేవుడికి ఇనపడాల" అనేవాడు. కల్లు అంగడివాడి వాకిలి కూడా వదిలేది కాదు. "నీ కాడ తాగినోళ్ళందరూ ఎవురింటికి వాళ్ళు చేరుకోవాల" అనేది. వాడు సిగ్గుపడి తల గోక్కునేవాడు.

కొత్తగా వచ్చిన గుడి సాములవారు ఒకసారి అడిగారు, మన వాళ్ళు కాని వాకిళ్ళలో ఎందుకమ్మా అని. అత్త చేతులు కట్టుకొని, "వాళ్ళు మాకు నిప్పిస్తారు, నీళ్ళిస్తారు, పురిటికి వస్తారు, శవానికి వస్తారు. మా తావ ఇచ్చేదానికి ఇదొకటే ఉండాది సామీ" అంది. ఆయన కాసేపు గడ్డం నిమురుకొని, పూజ మొదలయ్యే వేళకు మాత్రం గుడికి వచ్చేయమన్నారు.

ఆ నెలలోనే వాళ్ళకు ధనుర్మాసం. ఒక తాత భజన గుంపును వెంటేసుకొని మా కంటే ముందే వీధి తిరిగేవాడు. ఒక్కోసారి మూల మీద రెండు గుంపులూ ఎదురయ్యేవి. ఎవరి తాళం వాళ్ళు ఆపుకొని దారి ఇచ్చుకునేవాళ్ళు.

"ఏంది పాపా, ఇంత ఆలస్యం? మీ సామి ఇంకా నిద్ర లేవలేదా?" అనేవాడు తాత.

"మా సామి ఇంకా పుట్టనే లేదు తాతా. నెలాఖరు దాకా ఓర్చుకో" అనేది అత్త.

ఏటేటా అదే మాట. ఏటేటా అందరూ నవ్వేవాళ్ళు.

ఇక ఆపాలక్క. మంత్రసాని ఇంటికీ పూసుపూసు అన్న ఇంటికీ మధ్య ఇల్లు ఆమెది. మిల్లు కూత కూయక ముందే వాకిట్లో పొయ్యి పెట్టి ఆపాలు, అంటే బియ్యప్పిండీ కొబ్బరీ కలిపిన మెత్తటి అట్లు, పోసేది. మిల్లుకు పోయే మగవాళ్ళు సగం మంది ఆమె ఆపం తిని పోవలసిందే. మునిమాపు వేళ ఆమె రుబ్బురోట్లో పిండి రుబ్బే చప్పుడు వింటే, దీపం పెట్టాలని వీధికి గుర్తొచ్చేది. పిల్లలు లేరు. మొగుడు మిల్లులో పనిచేసేవాడు. మెత్తటి మనిషి. మా పాట వాళ్ళ వాకిటికి వచ్చేసరికి అతను వేడి ఆపాల పళ్ళెం పట్టుకొని సిద్ధంగా నిలబడి ఉండేవాడు. అత్త ఎత్తుకునేది:

"పొత్రం తిరిగె తిరిగె, దేవునికి స్తోత్రం."

అదీ ఆ వాకిటి చరణం. రుబ్బురోట్లో తిరిగే రాయే పొత్రం. చిన్నమామ ఆ చరణానికి డోలు మీద చెయ్యి గుండ్రంగా రాసి, రాయి తిరుగుతున్నట్టే గరగరమనిపించేవాడు. ఆపాలక్క నోటికి కొంగు అడ్డం పెట్టుకొని నవ్వేది. వీధంతా పాడినదాంట్లో నాకు అన్నిటికంటే ఇష్టమైన చరణం అదే.

ఆ ఏడు కార్తీకంలో జ్వరం వచ్చి ఆమె మొగుడు పోయాడు.

కర్మలు అయ్యాక ఆపాలక్క మళ్ళీ పొయ్యి వెలిగించింది. వెలిగించక ఎలా గడుస్తుంది? తెల్ల చీర కట్టుకొని, ఎవరి మొహమూ చూడకుండా, ఆపాలు తీసి ఆకులో పెట్టి ఇచ్చేది. వాకిలి ఊడ్చి నీళ్ళు చల్లేది, ముగ్గు మాత్రం పెట్టేది కాదు. ఏడాది దాకా ఆ ఇంటికి పండగ లేదు, ముగ్గు లేదు, మేళం చప్పుడు దగ్గరికి రాకూడదు. వాళ్ళ కట్టుబాటు అది. మాకూ తెలుసు.

ధనుర్మాసం అప్పుడే పట్టింది, మా మొదటి ఆదివారం వచ్చింది. వీధి పొడుగునా మంచు, ముగ్గుల మీద గుమ్మడి పూలు. మంత్రసాని వాకిట్లో దీవెన అయింది. పక్క వాకిటికి తిరిగాం. తడి నేల తప్ప ఏమీ లేదు. తలుపు వారగా వేసి ఉంది. అత్త రెండడుగులు వేసి ఆగిపోయింది. ప్రతి ఏడూ ముగ్గు అంచున నిలబడే మనిషికి, ముగ్గు లేకపోతే ఎక్కడ నిలబడాలో కాళ్ళకు తెలియలేదు. వెనక్కి తిరిగి చేత్తో సైగ చేసింది. చిన్నమామ డోలు మీద పైగుడ్డ కప్పాడు. మేము తాళాలు కొంగులో చుట్టుకున్నాం. ఎవరం నోరు విప్పకుండా, తల వంచుకొని ఆ వాకిలి దాటేశాం. పూసుపూసు అన్న వాకిట్లో మళ్ళీ పాట ఎత్తుకున్నాం.

మర్యాద చేశామనుకున్నాం. దుఃఖం ఉన్న ఇంటి ముందు నెమ్మదిగా నడిచామని గుడికి పోయేదాకా మా మనసు నిండుగానే ఉంది.

మర్నాడు చిన్నమామకు ఆపాలు తెమ్మని అత్త నన్ను పంపింది. పోతే పొయ్యి చల్లగా ఉంది. ఆపాలక్క గడప లోపల కూర్చొని ఇత్తడి సామాను గడ్డిలో చుడుతోంది.

"ఆపాలు లేవు పాపా. ఇంక లేవు" అంది.

"ఒంట్లో బాగా లేదా అక్కా?"

"బాగానే ఉండాది. మా అన్నకి నిన్ననే కబురు పెట్టినా. వచ్చే ఆదివారం ఆయన ఊరు విల్లియనూరు నుంచి బండి తోలుకొస్తాడు. వాళ్ళింటికి పోతా ఉండా. ఈ ఇల్లు తాళం వేసేస్తా."

"మళ్ళీ ఎప్పుడొస్తావు?"

ఆమె ఇంకో చెంబు చేతికి తీసుకుంది. గడ్డి మెలిపెడుతూ కూర్చుంది. "మా అన్న మంచోడే. వదినకి చేతి సాయం కావాల. ఆరుగురు బిడ్డలు, రెండు గేదెలు. నాకు అన్నం పెడతారు" అంది. తన పొయ్యి మీద తను వండుకొని నలుగురికి పెట్టిన మనిషి ఇంకొకరి వంటింట్లో మూలకు చేరబోతోంది.

"ఎందుకక్కా? ఈ వీధి ఏం చేసింది నిన్ను?"

అప్పుడు తలెత్తింది.

"ఏమీ చెయ్యలే. అదే. నిన్న తెల్లారి తలుపు వెనకాల నిలబడుండాను పాపా. మంత్రసాని పాట ఇన్నాను. ఇంక నా పొత్రం పాట వస్తాదని నిలబడినా. ఆయన లేడు, ఆపాల పళ్ళెం నేనే పట్టుకొనుండా. మీ కాళ్ళ చప్పుడు ఇనపడింది, పోయింది. మళ్ళీ పక్కింటి బండి చక్రం పాట ఇనపడింది." చుట్టిన చెంబును పక్కన పెట్టింది. "భజనోళ్ళూ అంతే. వాళ్ళూ నోరు మూసుకొనే పోతారు. సరే, ఏ దేవుడూ నిలబడని వాకిట్లో నేనెందుకు నిలబడాల, చెప్పు."

నేను ఇంటికి వచ్చి అత్తకు ఉన్నదున్నట్టు చెప్పాను. అత్త బియ్యం ఏరుతోంది. ఏరిన బియ్యాన్నే మళ్ళీ ఏరింది.

"డోలు కొట్టకూడదు, నిజమే" అంది చివరికి. "నోరు కూడా కట్టేసుకోమని నాకు ఎవురు చెప్పినారు?"

"మర్యాదకే కదత్తా చేసింది."

"మర్యాదే. ఆకలేసినోళ్ళ ముందర వాళ్ళు సిగ్గుపడతారని ఇస్తరాకు దాచిపెట్టినట్టు ఉండాది నా మర్యాద."

ఆ సాయంత్రం భజన తాత ఇంటికి పోయింది, నన్ను వెంటబెట్టుకొని. ఆయన తిన్నె మీద కూర్చొని తాళాలకు చింతపండు రాసి తోముతున్నాడు. సంగతి విని చేతులు ఆపాడు.

"మేము చేసినదీ అదే పాపా. మైల ఇంటి ముందర మేళం ఆపాల. మా శాస్త్రం అది. దాటలేను."

"నువ్వు దాటొద్దు తాతా. ఒకటే అడుగుతా. ఆ వాకిట్లో మేళం లేకుండా ఆడది పని చేసుకుంటా పాట పాడితే మీ శాస్త్రం ఏమంటాది?"

తాత కళ్ళు చిన్నవి చేసుకొని చూశాడు. "పని పాటకి శాస్త్రమేంది? రుబ్బేటప్పుడు, దంచేటప్పుడు ఆడోళ్ళు పాడతారు. ఏడ్చేటప్పుడూ పాడతారు. దాన్ని ఎవురాపినారు?" అన్నాడు. తరవాత నవ్వాడు. "నీ బుర్రలో ఏందో తిరగతా ఉండాది."

"పొత్రం" అంది అత్త.

అయినా అత్త వెంటనే పోలేదు. నాలుగు రోజులు ఊరుకుంది. ఆపాలక్క వాకిలి చల్లగా ఉంటే మిల్లువాళ్ళు ఆగి చూసి పోతున్నారు. నాకు లోపల కాలిపోతోంది. "ఆదివారం బండి వస్తుందత్తా" అంటే, "నాకు తెలుసులేమ్మే" అనేది. ఆమెకూ భయమే. పోతే ఆపాలక్క గడప దాటనిస్తుందో లేదో అని. అది నాకు తరవాత అర్థమైంది.

శనివారం పొద్దున అత్త పెద్ద కుండలో బియ్యం నానబోసింది. మా ఇంటికి అవసరమైన దానికి నాలుగింతలు. మునిమాపు వేళకు ఆ కుండ చంకన పెట్టుకొని, కొబ్బరికాయ నా చేతికిచ్చి, ఆపాలక్క ఇంటికి నడిచింది. ఎప్పుడూ వాకిట్లోనే ఆగే మనిషి, ఆ రోజు గడప ముందు నిలబడి పిలిచింది.

"ఏమ్మే, మా రోలు నున్నబడిపోయింది. పిండి మెదగటంలే. నీ రోట్లో రుబ్బుకుంటా."

ఆపాలక్క మూటల మధ్య నుంచి లేచి వచ్చింది. మా కుండ వైపు, కొబ్బరికాయ వైపు చూసింది.

"పోయిన నెలే గదా మీ రోలుకి గంట్లు కొట్టించినారు? ఆ చప్పుడు వీధంతా ఇనపడింది."

"ఆ గంట్లు కొట్టేవాడు సరిగ్గా కొట్టలే."

"వాడు బాగా కొడతాడని నా రోలుకి పంపించిందే నువ్వు."

"అయితే నీదానికి బాగా కొట్టినాడు, నాదానికి కొట్టలే. జరగమ్మే, కుండ బరువుగా ఉండాది."

ఆపాలక్క పక్కకు జరిగింది.

రోలు పెరట్లో ఉంది. ఇంటి సామానంతా మూటలు కట్టింది గానీ రోలును ఎవరు మూటకడతారు? అత్త దాన్ని కడిగి, కూర్చొని, బియ్యం వేసి పొత్రం పట్టుకుంది. ఆమెకు రుబ్బడం అంత బాగా రాదు. మా ఇంట్లో ఆ పని నాది. రాయి ఒకసారి తిరిగి రెండోసారి ఎగిరింది. పిండి అంచు దాటి కారింది. గోడకు ఆనుకొని నిలబడిన ఆపాలక్క చూస్తోంది. అత్త ఎవరి వైపూ చూడకుండా, గొంతు బాగా తగ్గించి, ఊపిరి తీసినట్టుగా మొదలుపెట్టింది.

"పొత్రం తిరిగె తిరిగె, దేవునికి స్తోత్రం..."

డోలు లేదు, తాళం లేదు. రాయి మీద రాయి గరగరే ఉంది. మా చిన్నమామ డోలు మీద ఏళ్ళ తరబడి అనుకరించిన చప్పుడు అదే కదా. నేను నెమ్మదిగా "స్తోత్రం" అన్నాను. ఆ ఒక్క చరణాన్నే అత్త తిప్పి తిప్పి పాడింది. మధ్యలో కొత్త మాటలు చేర్చింది. పళ్ళెం పట్టిన చేయి పోయె, దేవునికి స్తోత్రం. పట్టిన చేతిని తన తావ దాచుకొనె, దేవునికి స్తోత్రం. అక్కడ రాయి ఆగింది.

ఆగిన రాయిని చూసి ఉండలేకపోయిందో ఏమో, ఆపాలక్క వచ్చి ఎదురుగా కూర్చుంది. "అట్ల కాదు వదినా. నీళ్ళు ఎక్కువైనాయి" అంటూ పొత్రం మీద చెయ్యి వేసింది. అత్త చెయ్యి తియ్యలేదు. రెండు చేతులూ ఒకే రాయిని తిప్పాయి. ఆపాలక్క పాడలేదు. కన్నీళ్ళు మాత్రం కారిపోతున్నాయి. ఒక చేత్తో తిప్పుతూ, ఇంకో చేత్తో అంచు మీది పిండిని లోపలికి తోస్తూనే ఉంది. మొగుడు పోయాక ఎవరి ముందూ ఏడవని మనిషి అలా ఏడవడం నేను అప్పుడే చూశాను.

పిండి అయ్యాక అత్త చేతులు కడుక్కోకుండానే, ఆ పిండి చేత్తోనే రోటిని తాకి దీవించింది. "ఈ రాయి ఆగకూడదు. ఈ పొయ్యి ఒకరి దయ మీద వెలగకూడదు. ఈ ఇంట్లో ఒంటరి మనిషి ఒంటరిగా తినకూడదు."

తరవాత కుండ మా ఇంటికి మోసుకొచ్చేస్తుందనుకున్నాను. అక్కడే వదిలేసింది.

"ఇంత పిండి నేనేం చేసుకోను?" అంది ఆపాలక్క.

"పొద్దున్నే పాడే దానికి పోవాల గదా. మోసేదానికి తీరిక లేదు. ఉండనీ" అంది అత్త. గడప దిగుతూ వెనక్కి తిరగకుండా, "నువ్వు పోవాలంటే పో. మీ అన్న ఇల్లు నీ ఇల్లే. పాట లేదని మాత్రం పోవద్దు" అంది.

ఆదివారం తెల్లవారింది. మేము బయలుదేరాం. మంత్రసాని వాకిట్లో దీవిస్తుంటేనే అందరి కళ్ళూ పక్కకు పోతున్నాయి. అప్పుడే కాల్చిన ఆపం వాసన వచ్చింది.

తిరిగి చూశాం. ముగ్గు లేదు, ఉండకూడదు కూడా. తడి నేల మీద, ముగ్గు ఉంటే దాని అంచు ఎక్కడ ఉంటుందో సరిగ్గా అక్కడ, ఒక చెక్కపీట వేసి ఉంది. తుడిచి శుభ్రంగా పెట్టిన పీట. అత్త ఎక్కడ నిలబడాలో చెప్పే పీట.

చిన్నమామ డోలు మీద గుడ్డ కప్పాడు. అత్త చెప్పులు లేని కాళ్ళతో పీట మీద నిలబడింది. వట్టి గొంతుతో పొత్రం చరణం పాడింది. మేమందరం గుసగుసగా "స్తోత్రం" అన్నాం. మూల మీద భజన తాత గుంపు కనిపించింది. తాళాలు గుప్పిట్లో పట్టుకొని, మా పాట అయ్యేదాకా వాళ్ళు కదలలేదు. ఆపాలక్క తలుపు పూర్తిగా తెరిచి ఆకులో ఆపాలు పెట్టుకొని వచ్చింది. నవ్వలేదు. నాకు అందిస్తూ, "రేపటికి కూడా నానబోసినా" అంది, అంతే.

పొద్దెక్కాక విల్లియనూరు నుంచి బండి వచ్చింది. వాళ్ళన్న దిగి మూటలేవని అడిగితే, ముందు తినమని ఆకు వేసింది. ఆయన కడుపు నిండా తిని, ఇంకా రెండు అడిగి, చెల్లెలి మొహం చూసి, ఖాళీ బండి తోలుకొని వెళ్ళిపోయాడు. పోతూ పోతూ, "మా ఆడదానికి ఏం చెప్పాలో తెలియడం లేదు" అన్నాడట. "ఆపాలు బాగుండాయని చెప్పు" అందట ఆమె.

ఆ పీట ఏడాది తిరిగేదాకా ఆ వాకిట్లో మా కోసం వేసే ఉంచింది. ఆ తరవాత ముగ్గు వచ్చింది. అయినా పీట మానలేదు. ఆ తరవాత మా వీధిలో ఏ ఇంట్లో చావు జరిగినా, ముగ్గు లేని వాకిట్లో ఒక పీట కనిపించేది. మా వాళ్ళు డోలు కప్పుకొని, నోరు విప్పి పాడి, దీవించి దాటేవాళ్ళు. అత్త పోయిన ఏడు మా వాకిట్లో పీట తెచ్చి వేసింది ఆపాలక్కే. పాట ఎత్తుకోవలసింది నేను. నా చరణానికి అందరికంటే ముందు "స్తోత్రం" అన్నది ఆమె.

ఇంత సేపు నా దగ్గర కూర్చున్నారు. మీ ఇంటి పని ఏదో నాకు తెలియదు గానీ, ఆ పని మీ చేతుల్లో ఆగకూడదు. మీ పొయ్యి మీ చేత్తోనే వెలగాలి. మీ వాకిట్లో ముగ్గు ఉన్న రోజునా, లేని రోజునా ఎవరో ఒకరు వచ్చి నిలబడాలి. సర్వేశ్వరుడు మీ ఇంటిల్లిపాదినీ చల్లగా చూడాలి.